నార్వే చెక్క అతికిన భోజనబల్ల

పోయిన నెలలో మిక్సీ మొరాయిస్తే బాగుచేయించుకుందామని కంచరపాలెం వెళ్ళాను. కొత్తది కొనుక్కోవచ్చు కదా అని మీరనవచ్చు. ఒక్క మనిషికి రుబ్బే పచ్చడికి కొత్త మిక్సీ ఎందుకని నా వాదన, పైగా పాత వస్తువును పారెయ్యడమంటే మొదట్నుంచీ నాకు మనసొప్పదు. మెకానిక్ గంట ఆగమన్నాడు. మన ఊళ్ళో గంటంటే ఎంతో మీకూ తెలుసు, నాకూ తెలుసు, అందుకని ఎండకు తాళలేక రైలు కట్టకు ఇవతల ఉన్న పాత సామాన్ల కొట్లోకి నీడ కోసం వెళ్ళాను. తుప్పు పట్టిన బీరువాలనూ కాళ్ళు విరిగిన కుర్చీలనూ తప్పించుకుంటూ లోపలికి వెళ్ళానో లేదో, గోడ వారగా ఆ బల్ల కనబడి అక్కడే నిలబడిపోయాను.

చాలా పొడుగాటి బల్ల. మధ్య భాగం నల్లబడిన టేకు, దానికి అటూ ఇటూ అతికిన చెక్కలు మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో రంగు. ఒకటి పాలిపోయిన పసుపు, ఒకటి మట్టిరంగు, చివర్న ఉన్నది కుంకుడుకాయ ఎరుపు. అలాంటి బల్ల ఈ భూప్రపంచంలో రెండోది లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. చెయ్యి వేసి తడిమి చూశాను. వేడి క్యారియర్లు పెట్టీ పెట్టీ టేకు మీద పడిన గుండ్రటి మచ్చలు అలాగే ఉన్నాయి. కొట్టు యజమాని నన్ను చూసి బేరం తగిలిందనుకున్నాడు కాబోలు, టీ గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చాడు.

"ఏటమ్మా అలగ సూస్తన్నారు? దీన్ని కొని నాను సెడ్డాను. ఏ గుమ్మంలోంచీ దూరదు, ఎవుడూ అడగడు. బోల్టులిప్పేసి ముక్కలుగా అమ్మీద్దారనుకుంటన్నాను."

విప్పేస్తాడట! నా వయసులో మంచి కాలమంతా మధ్యాహ్నం పూట అన్నం తిన్న బల్ల అది. దాని పొడుగు ఎలా పెరిగిందో, పెరిగిన కొద్దీ దాని దగ్గర మనుషులు ఎలా తగ్గిపోయారో చెప్పగలిగినదాన్ని ఈ ఊళ్ళో ఇప్పుడు నేనొక్కతినే మిగిలాను. అందుకే ఇదంతా రాస్తున్నాను, నా ఈడు వాళ్ళు ఎవరైనా చదివి ఔనౌనని తల ఊపుతారేమోనని ఆశ.

మాది గోదావరి పక్క. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో మా వారికి అందులో ఉద్యోగం దొరికితే, అత్తగారిని కూడా వెంటబెట్టుకుని ఈ ఊరొచ్చాం. సముద్రం చూసి మురిసిపోవడం ఇంకా పూర్తికాక ముందే ఆయనకు కామెర్లు ముదిరి పోయారు. మిగిలినవాళ్ళం అత్తాకోడళ్ళం. దుఃఖం సంగతి అలా ఉంచండి, అది అందరికీ ఉండేదే. నాకు అంతకంటే విచిత్రమైన జబ్బొకటి పట్టుకుంది. ఎదురుగా మరో మనిషి కూర్చుని తింటూ ఉంటే తప్ప ముద్ద గొంతు దిగేది కాదు. మా అత్తగారికి మడీ ఒంటిపూటా, ఆవిడ వేళలు ఆవిడవి. కంచం ముందు కూర్చోవడం, అన్నం కెలకడం, లేచిపోవడం, ఇదీ నా భోజనం. అద్దంలో నా మెడ ఎముకలు చూసుకుని నాకే భయం వేసేది.

టైపు నేర్చుకుని ఉండటం అప్పుడు అక్కరకొచ్చింది. వన్ టౌన్‌లో, పాత పోస్టాఫీసుకు కూతవేటు దూరంలో ఒక షిప్పింగ్ కంపెనీకి ఇక్కడ టైపు కొడితే పరదేశంలో కాగితం మీద అచ్చయ్యే టెలెక్స్ మిషను దగ్గర కూర్చోవడానికి మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. షిప్పింగ్ కంపెనీ అన్నానని ఓడలూ జెండాలూ ఊహించుకోకండి, ఆ రోజున వాళ్ళకు సొంతానికి చేపల తెప్ప కూడా లేదు. రేవుకొచ్చిన పరాయి ఓడలకు మంచినీళ్ళ దగ్గర్నుంచి కస్టమ్స్ కాగితాల దాకా సమస్తం చూసిపెట్టడం వాళ్ళ పని. యజమాని పాత ఊళ్ళో తరతరాలుగా వర్తకం చేసిన కుటుంబం మనిషి, అందరూ పెద్ద సాయిబుగారు అనేవారు. తెల్లటి లాల్చీ, చెవిలో అత్తరు దూది, మాట మెత్తన. ఆయన కూతురు ఆఫీసులో కాగితాల వ్యవహారమంతా చూసేది. నాకంటే పెద్దది కాబట్టి నేను ఆపా అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను చెల్లీ అనేది.

చేరిన మొదటి రోజు మధ్యాహ్నం నేను నా డబ్బా విప్పకుండా టెలెక్స్ గదిలోనే కూర్చుండిపోయాను. కిటికీ నిండా రేవు మీంచి లేచొచ్చిన ఎర్రదుమ్ము, బయట క్రేన్ల చప్పుడు. ఆపా వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. యజమానీ గుమాస్తాలూ డ్రైవరూ అందరూ అక్కడే, ఎవరి క్యారియర్ వాళ్ళు విప్పి మధ్యలో పెట్టేశారు. ఆపా నా ఎదురుగా కూర్చుని, నా వైపు చూడకుండా, గోంగూర కలిపిన అన్నం గబగబా తింటోంది. ఆ రోజు నేను డబ్బా ఖాళీ చేశాను. సాయంత్రం భయపడుతూ భయపడుతూ అత్తగారికి చెబితే, ఆవిడ కాసేపు జపమాల తిప్పుకుని, మర్నాడు పొద్దున్న నా డబ్బాలో పప్పు రెట్టింపు పెట్టింది. నలుగురిలో తినేటప్పుడు నలుగురికీ సరిపడా ఉండాలంది, అంతే.

ఇక కంపెనీ పెరిగిన కథ. స్టీల్ ప్లాంటు వచ్చాక రేవుకు ఓడల తాకిడి ఎక్కువైంది. నార్వే కంపెనీ ఒకటి ఇక్కడివాళ్ళతో కలిసి జాయింట్ వెంచర్ పెట్టుకుంటామని ముందుకొచ్చింది. ఆ మాట ఆఫీసులో ఎవరికీ సరిగ్గా నోరు తిరగలేదు, పెద్ద సాయిబుగారు సుబ్బరంగా పొత్తు అనేశారు. పొత్తుల మగడు పుచ్చి చచ్చాడని సామెత ఉంది కదా, జాగ్రత్తగా ఉండమను మీ సాయిబుగారిని, అని మా అత్తగారు ఇంట్లోంచే హెచ్చరించింది. ఆయనతో చెబితే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. సంతకాలయ్యాయి. పొత్తు మీద మొదటి ఓడ వచ్చింది. సరుకు కదలకుండా ఓడ అరల్లో మధ్య మధ్య దూర్చే దేవదారు చెక్కలుంటాయి, సరుకు దించాక వాటిని ఎవరూ పట్టించుకోరు. పెద్ద సాయిబుగారు వాటిలో మంచివి ఏరించి, పాత ఊరి వడ్రంగి చేత చిత్రిక పట్టించి, టేకు బల్లకు ఒక పక్కన బోల్టులతో బిగింపించారు. కొత్త చుట్టాలు కలిసినప్పుడు పంక్తి పొడుగవ్వాలి కదా అన్నారు.

అక్కడితో ఆగలేదు. ఒంటిగంట అవుతుంటే నా గదిలోకి తొంగిచూసి, నార్వేకి ఒక టెలెక్స్ కొట్టు, మనం భోజనానికి లేస్తున్నాం, మిమ్మల్నీ రమ్మన్నారని చెప్పు, అన్నారు. నేను వెర్రిమొహం వేశాను.

"బేటీ, పొత్తు కలిశాక ఆళ్ళు మనోళ్ళే. మనోళ్ళని పిలవకుండా ముద్దెలగ దిగుద్ది?"

నిజమే కదా. గుమ్మంలోకి ఎవరొచ్చినా రండి భోంచేద్దాం అంటాం, వాళ్ళు మీరు కానివ్వండి అంటారు, ఇద్దరికీ తృప్తి. నేను నాకు తెలిసిన ఇంగ్లీషులో, భోజనానికి కూర్చుంటున్నాం, దయచేసి రండి, అని కొట్టాను. మర్నాడూ కొట్టాను. ఇక రోజూ. మనకు మధ్యాహ్నమైతే వాళ్ళకు పొద్దు పొడిచి ఎంతో సేపు కాదు, పాపం అప్పుడే ఆఫీసుకొచ్చి కోట్లు తగిలించుకుంటూ ఉండేవారట. కొన్నాళ్ళకు అక్కణ్ణుంచి ఒక ఆందోళన నిండిన జవాబు వచ్చింది. మీరు పదేపదే పిలుస్తున్నారు, సమావేశం ఏ తారీకున, చర్చించవలసిన విషయాలేమిటి, మా తరఫున ఎంత హోదా కలిగినవారు రావాలి, అని. ఆపా అది చదివి బల్ల మీద తల వాల్చి నవ్వింది. నాకు మాత్రం ఉద్యోగం ఊడుతుందని ముచ్చెమటలు పోశాయి. ఇంకా జవాబు రాసే లోపే, మా మనిషి బయల్దేరాడు, అని మరో టెలెక్స్ వచ్చిపడింది.

రేవులోకి కాగితాలు తీసుకెళ్ళే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. మగాళ్ళందరినీ బావా అని పిలిచేవాడు కాబట్టి ఆడవాళ్ళం కూడా ఆయన్ని బావగారు అనేవాళ్ళం. ఆయన ఆనందం చెప్పనలవి కాదు.

"ఓలమ్మో! ఆ నార్వేవోడు నిజంగానే వచ్చేత్తన్నాడేటి? అయితే సేపల పులుసు రెండు గిన్నెలు సెయ్యమని మా ఇంట్లో సెప్పేత్తాను!"

వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, చంకలో తోలు సంచీ నిండా కాగితాలు. సమావేశం ఎక్కడని అడిగితే పెద్ద సాయిబుగారు బల్ల చూపించి, వాళ్ళ దేశపు చెక్క ఉన్నచోట కుర్చీ వేయించారు. ఆ చెక్క ఎక్కడిదో చెప్పగానే ఆయన అరచేత్తో దాన్ని చాలాసేపు రాస్తూ ఉండిపోయాడు. పులుసుకు ముక్కూ కళ్ళూ కారినా ఆపకుండా తిన్నాడు. తింటూ తింటూ, తన భార్య పోయిన దగ్గర్నుంచి భోజనానికి రమ్మని తనను ఎవరూ పిలవలేదని ఆపాతో చెప్పాడు. ఆవిడ అది మాకు తెలుగులో చెబుతుంటే నేను తలెత్తలేకపోయాను. పిలిస్తే రానక్కర్లేదనీ, మీరు కానివ్వండి అంటే చాలనీ పెద్ద సాయిబుగారు ఆయనకు వివరంగా బోధించి పంపారు. ఆ తర్వాత ప్రతిరోజూ నార్వే నుంచి ఠంచనుగా, కృతజ్ఞతలు, మీరు కానివ్వండి, అని వచ్చేది. అది వచ్చాకే మాలో ఎవరైనా మొదటి ముద్ద ఎత్తేవాళ్ళం.

ఆ రోజులే రోజులు. కడుపులో చల్ల కదలకుండా అలాగే ఉండిపోతామనుకున్నాను. కానీ కంపెనీ అన్నాక పెరగాలి కదా, పెరిగింది. కొరియా వాళ్ళతో పొత్తు, వాళ్ళ మొదటి ఓడలోంచి మట్టిరంగు చెక్క. బల్ల మరో పక్కకు పొడుగైంది. ఆ పొత్తు మీద వేరే రేవులో కంటైనర్ల యార్డు పెట్టి బావగారిని అక్కడికి పంపేశారు, చేపల పులుసు బల్ల మీంచి లేచిపోయింది. నాలుగు కొత్త కుర్చీలు వచ్చాయి, వాటిలో కూర్చునేవాళ్ళు సముద్రం అవతల ఉన్నారు. గుమాస్తాలు కూడా ఒకరి వెనక ఒకరు కొత్త ఆఫీసులకు వెళ్ళిపోయారు. ఆ బదిలీ కబుర్లన్నీ టెలెక్స్ మీద కొట్టింది నేనే అన్నది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నా వేళ్ళతోనే ఒక్కొక్కరినీ లేపి పంపించాను.

సింగపూర్ పొత్తు అన్నిటికంటే పెద్దది. సొంతానికి ఓడలు కొనుక్కునే స్థాయి వచ్చింది. మన తరఫున అక్కడ నమ్మకమైన మనిషి ఉండాలని పెద్ద సాయిబుగారు కూతుర్నే పంపదలచుకున్నారు. ఆపా రెండు రోజులు కాగితాల బీరువాలు సర్దుతూ గడిపింది. మూడో రోజు నా గదిలోకి వచ్చి తలుపుకు జేరగిలబడింది.

"నువ్వూ వచ్చీ చెల్లీ. అక్కడా టెలెక్స్ ఉంటాది కదా. ఇద్దరం ఉంటే ఏ ఊరైతే ఏటి?"

వెళ్ళాలని నా ప్రాణం కొట్టుకుంది, ఎందుకు దాచాలి. కానీ ఇంట్లో అత్తగారు, ఎనభై దాటిన మనిషి, సముద్రం దాటి రానే రాదు, ఆవిణ్ణి ఎవరికి అప్పగించి వెళ్ళను? రాలేనన్నాను. ఆపా మళ్ళీ అడగలేదు. చివరి రోజు అందరం తిన్నాక ఇద్దరమే మిగిలి ఎండిపోయిన చేతులతో చాలాసేపు కూర్చున్నాం. నేను పిలవకపోతే ముద్ద ముట్టనని ఆపా నవ్వుతూ అంది, రోజూ పిలుస్తానని నేనన్నాను. సింగపూర్ ఓడలోంచి వచ్చిన ఎర్రచెక్క బిగించిన నాటికి బల్ల ఆ గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వచ్చింది. అంత పొడుగు బల్లకు తినేవాళ్ళం పెద్ద సాయిబుగారూ, డ్రైవరూ, నేనూ.

తర్వాత పెద్ద సాయిబుగారు మంచం పట్టారు, వెళ్ళిపోయారు కూడా. మా అత్తగారూ ఆ ఏడే పోయింది. ఆఫీసు సిరిపురంలో అద్దాల మేడకు మారింది, డ్రైవర్ని అటే తీసుకెళ్ళారు. పాత ఆఫీసులో మిషనూ నేనూ మిగిలాం, పాత ఒప్పందాల తాలూకు సందేశాలు ఇంకా దాని మీదే వచ్చేవి మరి. ఒంటిగంటకు నార్వేనూ కొరియానూ సింగపూర్‌నూ వరసగా పిలిచేదాన్ని. టెలెక్స్ మిషను సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, అవతలి గదిలో మనిషి ఉన్నా లేకపోయినా అది తన పేరు తాను కొట్టి చూపించేది. నార్వే పెద్దమనిషి రిటైరయ్యాక అక్కణ్ణుంచి ఆ మిషను పేరు తప్ప జవాబు ఉండేది కాదు. సింగపూర్ నుంచి మాత్రం ఏ రోజూ తప్పకుండా ఆపా మాట వచ్చేది, నువ్వు కానీ, అని. ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని తినేదాన్ని. అక్కడ ఆపా చుట్టూ ఎంతమంది కూర్చున్నారో, ఏం కూరలో అని ఊహించుకుంటే ముద్ద దిగేది. నేను ఒక్కదాన్నే తింటున్నానని ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఏం చేస్తుంది, అంత దూరాన.

టెలెక్స్ పోయి ఫ్యాక్సూ, ఫ్యాక్సు పోయి కంప్యూటరూ వచ్చాయి. పెద్ద సాయిబుగారి తమ్ముడి కొడుకు అధికారంలోకి వచ్చాడు. చెడ్డవాడని అనను, కష్టపడి పొత్తుల మీద పొత్తులు కలిపి కంపెనీని ఎక్కడికో తీసుకెళ్ళాడు. పనికి సంబంధం లేని సందేశాలు కంపెనీ మిషన్ల మీద పంపకూడదన్నాడు. అందరికీ చెప్పినట్టే నాకూ చెప్పాడు. ఆ రోజు ఒంటిగంటకు ఎవరినీ పిలవలేదు. డబ్బా తెచ్చింది తెచ్చినట్టే ఇంటికి పట్టుకెళ్ళి కుక్కకు పెట్టాను. రిటైరయ్యేదాకా ఇక మధ్యాహ్నం టీతోనే సరిపెట్టుకున్నాను.

కొట్లో ఆ బల్ల ముందు నిలబడి ఇదంతా ఒక్క ముద్దగా తోసుకొచ్చింది. టేకు ముక్క నాకివ్వమని కొట్టు అతనితో చెప్పాను. మిగతా చెక్కలు తర్వాత తగరపువలసలో మెస్సు పెట్టుకుంటున్న దంపతులు తీసుకున్నారట, పోనీలే, వాటి మీద మనుషులు అన్నం తింటారు. టేకు ముక్క లిఫ్టులో పట్టక మోసినవాళ్ళు మెట్ల మీద నన్నూ దాన్నీ కలిపి తిట్టుకుంటూ తెచ్చి హాల్లో వేశారు. అది తుడుస్తూ ఆపాకు ఫోను చేశాను. పండగలకూ పబ్బాలకూ మాట్లాడుకుంటూనే ఉంటాం, మోకాళ్ళ నొప్పులూ బీపీ మాత్రలూ తప్ప వేరే ఊసు ఉండదు. బల్ల దొరికిందని చెప్పగానే, టేకు మీద మచ్చలు అలాగే ఉన్నాయా అంది. తర్వాత, నువ్వు పిలవడం ఎందుకు మానేశావు చెల్లీ, అని అడిగింది. ఇన్నేళ్ళకు అడిగింది.

"నీ పిలుపు రాందే నానెప్పుడు తిన్నాను? ఈళ్ళంతా ఎవడి బల్ల కాడ ఆడు రొట్టెముక్క కొరికీసి లేచిపోతారు. మీరందరూ కూకునే ఏళకే కూకుందారని డబ్బా మూతెట్టుకుని ఉండీదాన్ని."

మనకు ఒంటిగంటంటే సింగపూర్‌లో మూడున్నర. అన్నేళ్ళు, రోజూ, మూడున్నర దాకా ఆకలితో కూర్చుని, నా టెలెక్స్ రాగానే తలుపు దగ్గరగా వేసుకుని, ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని ఆపా ఒక్కతే తినేదట. లేచిపోయినవాళ్ళ కుర్చీల్లో కొత్తవాళ్ళు చేరి ఉంటారనీ, మేమంతా బల్ల చుట్టూ నవ్వుకుంటూ తింటున్నామనీ తలుచుకునేదట. ఆఫీసులో ఆవిడకు ఏదో కడుపు జబ్బని అనుకునేవారట. పిలుపు ఆగిపోయాక తనను మర్చిపోయి మా భోజనాలు మేం చేసేస్తున్నామనుకుందట. నేనప్పుడు చెప్పాను, ఇక్కడ కూడా ఎవరూ లేరు ఆపా, నేనొక్కతినే ఉండేదాన్నని. ఇద్దరం ఫోన్లు చెవికి పెట్టుకుని ఏడ్చాం. సిగ్గుపడను, చిన్నపిల్లల్లాగే ఏడ్చాం.

మొన్న పేపర్లో మా కంపెనీ ఫోటో చూశాను, మరో రెండు దేశాలతో పొత్తు కలిపారట. సూట్లు వేసుకున్న వాళ్ళు చేతులు కలుపుకుంటున్నారు. మంచిదే, మన రేవు పేరు అన్ని సముద్రాల మీదా తిరుగుతోంది, ఆ మొదటి ముక్కలు నేను కొట్టినవే కదా అని గర్వం కూడా కలిగింది. కానీ ఆ సంతకాలయ్యాక మధ్యాహ్నం వీళ్ళలో ఎవరు ఎవరిని అన్నానికి పిలుస్తారో అనిపించింది. నా ఫ్లాట్‌కు ఎదురు తలుపు అమ్మాయికి భోజనం పొట్లంలో వస్తుంది, గుమ్మంలో అందుకుని తలుపు వేసేసుకుంటుంది. ఒకరోజు ధైర్యం చేసి రామ్మా తిందాం అన్నాను, ఏమైందాంటీ, ఏదైనా పనుందా అని కంగారుపడింది. నార్వే ఆయన గుర్తొచ్చి నవ్వుకున్నాను, లోపలికొచ్చాక మాత్రం దిగులేసింది.

ఇప్పుడు ఒంటిగంటకు టేకు బల్ల మీద కంచం పెట్టుకుని, అన్నానికి కూర్చుంటున్నాను ఆపా, రా, అని ఫోన్లో కొడుతున్నాను. ఆవిడ రాదు, ఆ మోకాళ్ళతో విమానం ఎక్కలేదు, నేనూ వెళ్ళలేను, ఇద్దరికీ తెలుసు. నిన్న ఎంతసేపటికీ జవాబు రాలేదు. పప్పు చల్లారింది, కలిపిన ముద్ద చేతిలో ఎండిపోతోంది, ఈ వయసులో ఏ ఆలస్యమైనా భయమే కదా. చివరికి ఫోను మోగింది. కూకున్నాను చెల్లీ, నువ్వు కానీ, అని ఉంది. అప్పుడు తిన్నాను.